ఇంజన్లు పడుకునే ఇళ్ళు

పిల్లలూ, మీరంతా రైలు ఎక్కే ఉంటారు. దిగవలసిన ఊరు రాగానే సామాను దించుకుని, ఆటో కోసం హడావుడిగా బయటికి నడుస్తాం. అంత దూరం మనని లాక్కుని వచ్చిన ఇంజను తరవాత ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మనిషికి ఇల్లు ఉన్నట్టే, ఎద్దులకు కొట్టం ఉన్నట్టే, ఇంజనుకు కూడా ఒక చోటు ఉన్నది. దాన్ని షెడ్డు అంటారు. ఇంజనుకు మేతా, నీళ్ళూ, స్నానమూ, వైద్యమూ అన్నీ అక్కడే జరుగుతాయి.

ఒకప్పుడు ప్రపంచమంతటా ఈ షెడ్లలో ఆవిరి ఇంజన్లు ఉండేవి. తరవాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ఈ మార్పు మన దేశంలోనూ జరిగింది, ఇతర దేశాలలోనూ జరిగింది. కాని ఐర్లండులో ఇది జరిగిన తీరు చాలా చిత్రమైనది. ఐర్లండు ఒక ద్వీపం. మన తెలంగాణ రాష్ట్రం కంటే కూడా చిన్నది. యూరపులో ఆవిరిని అందరికంటే ముందు వదిలేసిన రైల్వేలలో ఒకటి ఆ ద్వీపం దక్షిణభాగంలో ఉన్నది. చుట్టుప్రక్కల దీవులన్నిటిలోనూ పెద్దలైన్ల మీద రోజువారీ పనికి ఆవిరిని చిట్టచివరిదాకా వాడిన రైల్వే అదే ద్వీపం ఉత్తరభాగంలో ఉన్నది! రెంటి మధ్యా కొన్ని గంటల ప్రయాణమే. ఇదెలా జరిగిందో తెలుసుకోవాలంటే మనం అక్కడి షెడ్లలోకి వెళ్ళి చూడాలి. రండి, పోదాం.

ముందు ఆ ద్వీపం సంగతి కొంచెం చెప్పుకుందాం. ఇప్పుడు అక్కడ రెండు ప్రభుత్వాలున్నాయి. పెద్దభాగం ఐర్లండు రిపబ్లిక్కు. దాని రాజధాని డబ్లిన్. ఈశాన్యమూలన ఉన్న ఉత్తర ఐర్లండు బ్రిటన్ రాజ్యంలోని భాగం. దాని ముఖ్యపట్టణం బెల్‌ఫాస్ట్. ద్వీపంలో మొదటి రైలు 1834 డిసెంబరు 17న డబ్లిన్ నుంచి సముద్రతీరాన ఉన్న కింగ్స్‌టౌన్ రేవుకు నడిచింది. అప్పటికి మన దేశంలో ప్రయాణీకుల రైలు అనేది లేదు. అది 1853లో గాని రాలేదు.

ఆ రోజులలో రైళ్ళు వేసినవి ప్రైవేటు కంపెనీలు. ఎవరికి తోచిన కొలత వారు పెట్టుకున్నారు. ఒక కంపెనీవారు పట్టాల మధ్య 4 అడుగుల 8½ అంగుళాల దూరం ఉంచితే, మరొక కంపెనీవారు 6 అడుగుల 2 అంగుళాలు ఉంచారు, ఇంకొకరు 5 అడుగుల 2 అంగుళాలన్నారు. ఇలా అయితే ఒకరి బండి మరొకరి పట్టాల మీద ఎలా నడుస్తుంది? చివరకు తగవు పాస్లీ అనే సైనికాధికారి దగ్గరకు వచ్చింది. ఆయన పెద్ద పెద్ద ఇంజనీర్లను సలహా అడిగాడు. 5 అడుగులకు తక్కువ కాకుండా, 5½ అడుగులకు మించకుండా ఉంటే బాగుంటుందని తేలింది. ఆయన సరిగ్గా మధ్యకు కోసి 5 అడుగుల 3 అంగుళాలు ఖాయం చేశాడని చెబుతారు. 1846లో అది చట్టమయింది. మన దేశపు పెద్దలైను వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు. అంటే ఐర్లండు లైను మనదానికంటే మూడు అంగుళాలు ఇరుకు, ఇంగ్లండు లైను కంటే ఆరున్నర అంగుళాలు వెడల్పు అన్నమాట. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లండులో నడిచే ఇంజనును తెచ్చి ఉన్నదున్నట్టుగా ఐర్లండు పట్టాల మీద పెట్టటానికి వీల్లేదు. తమ ఇంజన్లను తామే చేసుకోవాలి, లేదా ప్రత్యేకంగా చేయించుకోవాలి.

అందుచేతనే డబ్లిన్ నగరం పశ్చిమాన ఇంచికోర్ అనే చోట 1846లో ఒక పెద్ద కార్ఖానా పుట్టింది. దాన్ని చూస్తే కార్ఖానా అనుకోరు, కోట అనుకుంటారు. రాతిగోడలూ, వాటిపైన కోటబురుజులకు ఉన్నట్టు పళ్ళూ ఉన్నాయి. దాని చుట్టూ పనివాళ్ళ కోసం కంపెనీ కట్టించిన ఇళ్ళ వరసలున్నాయి. తండ్రి అక్కడే పని చేస్తాడు, కొడుకు అక్కడే పని నేర్చుకుంటాడు, మనమడు కూడా ఆ గేటులోంచే లోపలికి వెళతాడు. 1939-40లలో ఐర్లండులోకెల్లా అతి బలమైన ఆవిరి ఇంజన్లు ఇంచికోర్‌లోనే తయారయ్యాయి. అవి మూడు. మొదటిదానికి పురాణగాథల్లోని ఒక రాణి పేరు, మేవ్ అని పెట్టారు.

డబ్లిన్‌లో షెడ్డు ఇదొక్కటే కాదు. ఉమ్మడి కుటుంబం విడిపోయి ఎవరి వంటిల్లు వారు పెట్టుకున్నట్టుగా, ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క షెడ్డు ఉండేది. పశ్చిమానికి పోయే బళ్ళకు బ్రాడ్‌స్టోన్ షెడ్డు, ఆగ్నేయానికి పోయే బళ్ళకు గ్రాండ్ కెనాల్ స్ట్రీట్ షెడ్డు, బెల్‌ఫాస్ట్ వైపు బళ్ళకు ఏమియెన్స్ స్ట్రీట్ షెడ్డు. బయట కార్క్, లిమరిక్, వాటర్‌ఫర్డ్, అథ్లోన్ మొదలైన ఊళ్ళలో మరికొన్ని. 1945లో దక్షిణభాగంలోని పెద్ద రైల్వే, డబ్లిన్‌లో ట్రాములూ బస్సులూ నడిపే కంపెనీ కలిసి ఒక సంస్థ అయ్యాయి. దాని పేరులోని మొదటి అక్షరాలను బట్టి దాన్ని సి.ఐ.ఇ. అనేవారు.

ఇక ఆవిరి ఇంజన్ల షెడ్డులోకి వెళదాం. ముక్కుకు రుమాలు కట్టుకోండి, లోపల పొగ చాలా ఉంటుంది.

తెల్లవారి ఆరు గంటలకు ఒక బండి బయలుదేరాలనుకోండి. దాని పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. ఎందుకంటే చల్లారిపోయిన ఇంజనును తిరిగి వేడిచేయటానికి ఆరేడు గంటలు పడుతుంది. నిప్పు రాజేసేవాడు ఇంజను పొయ్యిలో కట్టెపేళ్ళూ, నూనె గుడ్డలూ, వాటిపైన రాక్షసిబొగ్గూ పేర్చి అంటిస్తాడు. తొందరపడి పెద్దమంట వేస్తే పని చెడుతుంది. ఇనుము వేడికి సాగుతుంది గదా! ఒకచోట ఎక్కువగానూ, ఒకచోట తక్కువగానూ సాగితే అతుకులు వదులై నీళ్ళు కారతాయి. అందుచేత నిదానంగా, పాలు కాచినట్టు కాచాలి.

ఈలోపల క్లీనర్లు వస్తారు. వీళ్ళు బడి వదిలి కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్ళు. నూనెలో తడిపిన నూలుపీచుతో ఇంజను ఒళ్ళంతా తుడవటం వీళ్ళ పని. ఇంకొకడు ఇంజను అడుగున ఉండే గోతిలోకి దిగి బూడిద లాగుతాడు. వేరొకడు ఇసక వేయిస్తాడు. అవును, ఇసకే! పట్టాలు తడిసినప్పుడు చక్రాలు జారకుండా వాటి ముందు ఇసక చల్లుతారు. తడి ఇసక గొట్టంలో చిక్కుకుంటుంది కనక దాన్ని వేయించి ఎండబెట్టాలి. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టటం చూశారా? బాయిలరులో కూడా అలాంటి పొరే కడుతుంది. అందుచేత కొన్ని రోజులకొకసారి ఇంజనును పూర్తిగా చల్లార్చి, నీటిధారతో బాయిలరు లోపలంతా కడగాలి.

ఇంత జరుగుతుండగా ఒక కుర్రవాడు చీకట్లో ఇళ్ళవెంట పోయి, తలుపులు తట్టి, డ్రైవర్లనూ ఫైర్‌మన్లనూ నిద్రలేపుతాడు. వాళ్ళు వచ్చి ఇంజను ఎక్కుతారు. డబ్లిన్ నుంచి కార్క్ 165 మైళ్ళు. ఆ దూరమంతా ఫైర్‌మన్ ఊగిపోయే ఇనపపలక మీద నిలబడి, టన్నులకొద్దీ బొగ్గు పారతో పొయ్యిలోకి విసరాలి. క్లీనరుగా చేరినవాడు ఫైర్‌మన్ కావటానికి ఏళ్ళు పట్టేది. ఫైర్‌మన్ డ్రైవరు కావటానికి మరెన్నో ఏళ్ళు పట్టేది.

ఇంకొక ముఖ్యమైన పని మిగిలింది. ఆవిరి ఇంజనుకు ముందూ వెనకా ఉంటాయి. గమ్యం చేరాక దాన్ని తిప్పాలి. అందుకోసం గుండ్రటి గోతిలో తిరిగే ఒక చిన్న వంతెన ఉంటుంది. దాన్నే టర్న్‌టేబుల్ అంటారు. ఇంజను దానిమీద సరిగ్గా నడిమికి నిలిస్తే, ఇద్దరు మనుషులు తోసి దాన్ని తిప్పేయగలరు. మోనహన్ జిల్లాలో క్లోన్స్ అనే చిన్న ఊరున్నది. అక్కడ టర్న్‌టేబుల్ చుట్టూ అర్ధచంద్రాకారంలో, కాంక్రీటుతో ఒక షెడ్డు కట్టారు. విసనకర్ర పుల్లల్లాగా పట్టాలన్నీ మధ్య నుంచి చీలి, ఒక్కొక్కటి ఒక్కొక్క గదిలోకి పోతాయి. ఇలాంటి వాటిని రౌండ్‌హౌసులంటారు. మన నెల్లూరు జిల్లా బిట్రగుంటలో కూడా ఒకటున్నది.

ఇదంతా చూస్తే చక్కని ఏర్పాటే అనిపిస్తుంది. మరి దీన్ని ఎందుకు మార్చారు? దానికి కారణం బొగ్గు. ఐర్లండులో రైళ్ళకు చాలినంత మంచి బొగ్గు లేదు. దాదాపు అంతా బ్రిటన్ నుంచి ఓడలలో రావాలి. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలుకాగానే బ్రిటన్‌కే బొగ్గు చాలక ఐర్లండుకు పంపటం తగ్గించేసింది. వచ్చిన కాస్తా పొడీ, మట్టీ. అది పొయ్యిలో కరిగి అట్టలు కట్టేది. గాలి ఆడేది కాదు, ఆవిరి పుట్టేది కాదు. బండి దారిమధ్యలో ఆగిపోయేది. ఫైర్‌మన్ పొయ్యి అంతా ఖాళీచేసి మళ్ళీ రాజేసేవాడు. ప్రయాణీకులు పెట్టెల్లో చలికి వణుకుతూ కూర్చునేవారు. చివరకు బళ్ళు వారంలో కొద్దిరోజులు మాత్రమే నడిచే స్థితి వచ్చింది.

యుద్ధం 1945లో ముగిసింది గాని కష్టాలు ముగియలేదు. 1947 చలికాలంలో యూరపంతటా భయంకరమైన మంచు కురిసింది. బ్రిటన్‌లో బొగ్గు కరవు వచ్చింది. ఐర్లండులో కొన్ని వారాలపాటు ప్రయాణీకుల బళ్ళు చాలావరకు ఆగిపోయాయి. కొన్ని ఇంజన్ల పొయ్యిలను మార్చి, వాటిలో బొగ్గుకు బదులు నూనె మండించారు. వాటి ముందుభాగాన పెద్ద తెల్లని గుండ్రం వేశారు. దూరాన్నుంచే ఆ బొట్టు చూసి, ఇది నూనె ఇంజను, దారిలో ఆగిపోదు అని సిగ్నలు కేబిన్లలోనివాళ్ళు గుర్తుపట్టేవారు.

అసలు ఐర్లండువారు బొగ్గు లేకుండా రైలు నడిపే ఉపాయాల కోసం అప్పటికే చాలా కాలంగా వెతుకుతున్నారు. ఆ ప్రయత్నాలలో మూడింటి గురించి మీరు తెలుసుకోవాలి.

మొదటిది 1931లో జరిగింది. వాయవ్యాన డోనిగాల్ జిల్లాలో మూడడుగుల వెడల్పు గల చిన్నలైను ఒకటుండేది. అది బీదరైల్వే. దాని మేనేజరు హెన్రీ ఫోర్బ్స్ డబ్బు మిగల్చటంలో దిట్ట. బస్సులాంటి ఒక బండికి రైలు చక్రాలు తగిలించి, డీజిల్ ఇంజను పెట్టి నడిపించాడు. బ్రిటన్, ఐర్లండు దేశాలలో ప్రయాణీకులను రోజూ మోసిన మొదటి డీజిల్ రైలుబండి అదే. పెద్ద పెద్ద రైల్వేలు చేయని పని ఈ చిన్న రైల్వే చేసింది!

రెండవది డాక్టరు జేమ్స్ డ్రమ్ తయారుచేసిన బ్యాటరీ రైలు. అప్పటికి కొంతకాలం క్రితమే ఐర్లండువారు షానన్ నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టారు. ఆ కరెంటును బ్యాటరీలలో నింపి రైలు నడిపితే బొగ్గే అక్కరలేదు గదా అని డ్రమ్ ఆలోచించాడు. 1932 నుంచి ఆ రైళ్ళు డబ్లిన్‌కూ, సముద్రం ఒడ్డున ఉన్న బ్రే పట్టణానికీ మధ్య పొగా చప్పుడూ లేకుండా నడిచాయి. యుద్ధకాలంలో ఆవిరి బళ్ళు ఆగిపోతే, ఇవి మాత్రం ఆగకుండా జనాన్ని చేరవేశాయి. కాని బ్యాటరీలు అరిగిపోయాయి, కొత్తవి చేయించలేదు. 1949లో అవి ఆగిపోయాయి.

మూడవది మరీ విడ్డూరం. ఐర్లండులో బురదనేలలు చాలా ఉన్నాయి. వేల ఏళ్ళుగా నాచూ, గడ్డీ అందులో కుళ్ళి, గట్టిపడి నల్లని మట్టి అయింది. దాన్ని ఇటికల్లాగా కోసి ఎండబెడితే పొయ్యిలో మండుతుంది. దాన్ని అక్కడివారు టర్ఫ్ అంటారు. మన ఇళ్ళలో పిడకలు వాడినట్టు అక్కడి పల్లెలలో అది వాడేవారు. దానితో రైలు ఎందుకు నడపకూడదు? ఆలివర్ బుల్లీడ్ అనే పేరుమోసిన ఇంజనీరు ఇంగ్లండు నుంచి వచ్చి సి.ఐ.ఇ.లో చేరాడు. ఆయన 1957లో ఇంచికోర్‌లో టర్ఫ్‌తో నడిచే ఇంజను తయారుచేశాడు. మరతో తిరిగే ఒక యంత్రం టర్ఫ్‌ను దానంతట అదే పొయ్యిలోకి తోసేది. ఇంజను నడిచింది కూడా. కాని పరీక్షలు దాటి నిజమైన పనిలోకి రాలేదు. 1965లో దాన్ని విరగ్గొట్టి ఇనుముగా అమ్మేశారు. తమాషా ఏమిటంటే, ఈ టర్ఫ్ ఇంజను షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి దాని చుట్టూ డీజిల్ ఇంజన్లు వరసలు తీరి ఉన్నాయి. వాటిని తెప్పించే పని చూసినవాళ్ళలో కూడా బుల్లీడ్ ఒకడు!

ఆ డీజిళ్ళు ఎలా వచ్చాయో చెబుతాను. 1950 ప్రాంతంలో మొదట ఇంజను విడిగా లేని డీజిల్ బళ్ళు వచ్చాయి. వాటిలో ఇంజను పెట్టె అడుగునే ఉంటుంది. అవి బాగా పనిచేశాయి. 1954లో సి.ఐ.ఇ. ధైర్యం చేసి, ఇంగ్లండులోని మెట్రోపాలిటన్-వికర్స్ కంపెనీకి ఒక్కసారే 94 డీజిల్ ఇంజన్లకు ఆర్డరు ఇచ్చింది. వాటిలో 60 పెద్దవి, ఒక్కొక్కటి 1200 గుర్రాల బలం గలది. మిగిలిన 34 చిన్నవి, 550 గుర్రాల బలం గలవి. పెద్దవాటికి ఎ అనీ, చిన్నవాటికి సి అనీ పేర్లు పెట్టారు. ఇవి కాక మరొక కంపెనీ నుంచి 12 వచ్చాయి. 1955 నుంచి ఓడలలో ఒక్కొక్కటే దిగసాగాయి. వాటికి పైనుంచి క్రింది దాకా వెండిరంగు వేశారు. చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు.

డీజిల్ ఇంజను ఎలా పనిచేస్తుందో మీకు తెలుసునా? లోపల నూనె మండి ఒక పెద్ద యంత్రం తిరుగుతుంది. ఐతే ఆ యంత్రం చక్రాలను తిప్పదు. అది కరెంటు పుట్టించే జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటు చక్రాల దగ్గర ఉన్న మోటార్లకు పోయి, చక్రాలను తిప్పుతుంది. అంటే డీజిల్ ఇంజను తన కరెంటు తానే తయారుచేసుకునే కరెంటు ఇంజను అన్నమాట. మీట నొక్కితే కొద్ది నిమిషాలలో సిద్ధం. పని లేనప్పుడు ఆపేయవచ్చు. రాత్రంతా నిప్పు కాపలా అక్కర్లేదు, బూడిద లేదు, దారిలో నీళ్ళ కోసం ఆగటం లేదు. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది కనక తిప్పే పని కూడా లేదు. ఆవిరి ఇంజను రోజులో చాలా గంటలు షెడ్డులోనే గడుపుతుంది. డీజిల్ ఇంజను ఒక బండి దింపి వెంటనే మరొకటి అందుకుంటుంది. అందుచేత వందలకొద్దీ ఆవిరి ఇంజన్ల పని అంతకంటే చాలా తక్కువ డీజిల్ ఇంజన్లతో జరిగిపోతుంది.

కాని కొత్తకోడలు పాత ఇంట్లో కాపరానికి వచ్చినట్టు, ఈ వెండి ఇంజన్లు వచ్చింది పాత షెడ్లలోకే. ఆవిరి షెడ్డులో గాలినిండా బొగ్గుధూళీ, బూడిదా ఉంటాయి. ఆవిరి ఇంజనుకు అది లెక్కలేదు. కాని డీజిల్ ఇంజను గాలి పీల్చే జల్లెడలు ఆ ధూళితో మూసుకుపోతాయి. కరెంటు యంత్రాలలో బొగ్గుపొడి పడితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆవిరి ఇంజనుకు సుత్తీ, పెద్ద స్పానరూ, బలమైన చెయ్యీ ఉంటే మరమ్మతు జరిగేది. డీజిల్‌కు శుభ్రమైన నేలా, మంచి వెలుతురూ, కరెంటు కొలిచే పరికరాలూ కావాలి. ఒకే కప్పు క్రింద రెండూ ఉండటం అంటే వంటింట్లో ఆపరేషను చేసినట్టే! అందుచేత ఇంచికోర్ వంటిచోట్ల డీజిళ్ళకు వేరే చోటు ఏర్పాటుచేయక తప్పలేదు. ముచ్చటైన వెండిరంగు కొద్ది నెలల్లోనే నూనెమరకలతో మాసిపోయింది. తరవాత ఆకుపచ్చ వేశారు, ఆ తరవాత నలుపూ, నారింజా వేశారు.

ఇంకొక సంగతి. చలిదేశాలలో రైలుపెట్టెలను వెచ్చగా ఉంచాలి. ఆవిరి ఇంజను తన ఆవిరిలోంచే కొంత గొట్టాల గుండా పెట్టెలకు పంపేది. మరి డీజిల్‌లో ఆవిరి లేదే! అందుకని బండికి ఒక చిన్న పెట్టె కలిపి, దానిలో ఒక బాయిలరు పెట్టి, ఆవిరి పుట్టించారు. చూశారా, ఆవిరిని ముందు గుమ్మంలోంచి పంపేస్తే, అది వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చింది!

కష్టాలు అంతటితో ఆగలేదు. ఆ 94 ఇంజన్ల లోపల ఉన్న క్రాస్లీ అనే రకం యంత్రాలు మాటిమాటికీ చెడిపోయాయి. అవి విపరీతంగా అదిరేవి, నూనె కారేవి, గొట్టంలోంచి దట్టమైన పొగ వదిలేవి. డీజిల్ ఇంజను ఆగిపోయినప్పుడల్లా షెడ్డు మూల నిలబడి ఉన్న పాత ఆవిరి ఇంజనుకు నిప్పు వేసి పంపేవారు. ఆ రోజులలో ఏటా ఆకురాలుకాలంలో చక్కెరదుంపల పంట వచ్చేది. మనకు చెరకులాగా అప్పట్లో వాళ్ళకు ఆ దుంప. కార్లో, మాలో, థర్ల్స్, ట్యూమ్ ఊళ్ళలోని చక్కెర మిల్లులకు వేలకొద్దీ టన్నులు తోలవలసి వచ్చేది. ఆ రద్దీలో ముసలి ఇంజన్లు మళ్ళీ బయటికి వచ్చేవి. పింఛను తీసుకుని ఇంట కూర్చున్న తాతను కోతల రోజుల్లో పొలానికి పిలిచినట్టు!

చివరకు అమెరికా నుంచి సాయం వచ్చింది. 1961లో జనరల్ మోటార్స్ కంపెనీ చేసిన 15 ఇంజన్లు దిగాయి. అవి ఎంతో గట్టివి. కాని వాటికి డ్రైవరు గది ఒక చివరనే ఉన్నది. రెండో చివర ముందుగా నడిపితే పొడుగాటి ఇంజను అడ్డమై డ్రైవరుకు దారి సరిగా కనిపించదు. అందుచేత వాటిని తిప్పవలసి వచ్చింది. దేనిమీద? పాత ఆవిరి షెడ్లలోని టర్న్‌టేబుళ్ళ మీదనే! ఇక పనికిరావు అనుకున్న వస్తువులు కొత్త ఇంజన్ల కోసమే మళ్ళీ పనికి వచ్చాయి. 1962లో మరి 37 వచ్చాయి. వీటికి మటుకు రెండువైపులా గదులు పెట్టించారు. ఇక ఆవిరితో అవసరం లేకపోయింది. 1963లో సి.ఐ.ఇ. ఆవిరి ఇంజన్లను విరమించింది. ఐతే ఆ 94 ఇంజన్లను పారేశారా? లేదు. వాటి ఒళ్ళు మంచిదే, గుండె మాత్రమే చెడ్డది. 1960ల చివర నుంచి ఇంచికోర్ పనివాళ్ళు లోపలి యంత్రాలు తీసివేసి, అమెరికా యంత్రాలు అమర్చారు. అలా గుండె మార్చుకున్న ఎ రకం ఇంజన్లలో చివరివి 1995 దాకా పనిచేశాయి.

ఇంతవరకు ఇంజన్ల సంగతి చెప్పుకున్నాం. మరి మనుషుల సంగతి? తుడిచే క్లీనరుకూ, నిప్పు రాజేసేవాడికీ, బూడిద లాగేవాడికీ, తలుపులు తట్టే కుర్రవాడికీ పని లేకుండా పోయింది. ఫైర్‌మన్ కొన్నాళ్ళు డ్రైవరు ప్రక్కన కూర్చుని ప్రయాణం చేశాడు, కాని అతని పార ఇంట్లో మూలపడింది. ఇరవై ఏళ్ళు బాయిలర్లు బాగుచేసిన మేస్త్రీలు బడిపిల్లల్లాగా పుస్తకాలు పట్టుకుని కరెంటు పాఠాలు నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళు నిలబడ్డారు. కొంతమందికి ఆ అవకాశమే రాలేదు, ఎందుకంటే వాళ్ళ రైలుమార్గాలే మూతపడ్డాయి. బస్సులూ, లారీలూ పెరిగి చిన్నలైన్లకు నష్టం వచ్చింది. డీజిల్ కూడా వాటిని కాపాడలేకపోయింది. డోనిగాల్ చిన్నరైలు 1959 చివరి రోజున ఆగిపోయింది. వెస్ట్ క్లేర్ అనే మరొక చిన్నలైనులో 1950లలోనే అన్నీ డీజిళ్ళు పెట్టారు. అయినా 1961 జనవరిలో దాన్ని మూసేశారు.

క్లోన్స్ రౌండ్‌హౌసు కథ ఇంకా విచారకరం. ఆ ఊరు నాలుగు దిక్కుల లైన్లు కలిసే కూడలి. 1920ల మొదట్లో దేశం రెండైనప్పుడు సరిహద్దు దాని ప్రక్క నుంచే పోయింది. 1957లో ఉత్తర ఐర్లండు ప్రభుత్వం తనవైపు లైన్లు మూసేసింది. అటు దారి తెగిపోతే ఇటువైపు కూడలికి అర్థం ఏమిటి? కొద్ది సంవత్సరాలలో రైలే లేకుండా పోయింది. అర్ధచంద్రాకారపు షెడ్డు మాత్రం నిలబడే ఉన్నది. అది కాంక్రీటు కట్టడం, అంత సులభంగా పడదు.

ఇప్పుడు ఉత్తరానికి పోదాం. బెల్‌ఫాస్ట్‌లో యార్క్ రోడ్ అనే షెడ్డుండేది. అక్కడి ప్రభుత్వానికి రైళ్ళ మీద డబ్బు ఖర్చుపెట్టే ఉద్దేశం అంతగా లేదు. ప్రయాణీకులకు డీజిల్ బళ్ళు తెచ్చారు గాని, బరువులు లాగే డీజిల్ ఇంజన్లు కొనలేదు. అంతలో 1966లో పెద్ద పని ఒకటి వచ్చిపడింది. బెల్‌ఫాస్ట్ దగ్గర సముద్రపు అంచున కొత్త రోడ్డు వేయాలి. దాని క్రింద పూడ్చటానికి మాఘరమోర్న్ అనే ఊరి గని నుంచి రాళ్ళూ మట్టీ రావాలి. లారీలలో తోలితే ఊరి రోడ్లన్నీ నిండిపోతాయి. అప్పుడు యార్క్ రోడ్ షెడ్డులో మిగిలిన ఆవిరి ఇంజన్లు గుర్తుకు వచ్చాయి. వాటిని అక్కడ ముద్దుగా జీపులు అనేవారు. ఇరవై బళ్ళ నిండా మట్టి, ముందొక జీపు, వెనకొక జీపు. అటు పోయేటప్పుడు ఒకటి లాగుతుంది, ఇటు వచ్చేటప్పుడు రెండవది లాగుతుంది. మధ్యలో తిప్పటం లేదు, విప్పటం లేదు. ఇలా 1970 దాకా లక్షలకొద్దీ టన్నుల మట్టి తోలారు. ఇంగ్లండులో ప్రభుత్వ రైల్వే పెద్దలైన్ల మీద ఆవిరిని 1968 ఆగస్టులో ఆపేసింది. అప్పటికి కూడా యార్క్ రోడ్‌లో రాత్రిపూట నిప్పు రాజేసేవాడు తన పని తాను చేస్తూనే ఉన్నాడు. డీజిల్ కోసం వేసే కొత్తదారులకు ఆవిరే మట్టి మోసిందన్నమాట!

ఆ జీపులలో ఒకటి, 4వ నంబరుది, ఇప్పటికీ బ్రతికి ఉన్నది. 1964లో రైలంటే ప్రాణమిచ్చే కొందరు సంఘంగా ఏర్పడి, పాత ఇంజన్లను ఇనుము వర్తకుల బారి నుంచి కాపాడారు. సముద్రతీరాన వైట్‌హెడ్ అనే ఊళ్ళో వారి షెడ్డు ఉన్నది. 2017లో అది మ్యూజియంగా తెరిచారు. మీరెప్పుడైనా వెళితే నూనె వాసనా, బొగ్గు పొగా, సుత్తి చప్పుడూ అన్నీ అక్కడ దొరుకుతాయి. మేవ్ రాణి ఇంజను బెల్‌ఫాస్ట్ దగ్గర కల్ట్రా మ్యూజియంలో ఠీవిగా నిలబడి ఉన్నది. డబ్లిన్ బ్రాడ్‌స్టోన్ షెడ్డు బస్సులకు గరాజు అయింది. ఇంచికోర్ మాత్రం ఇప్పటికీ కార్ఖానాయే. 1846లో పెట్టిన పని ఇంకా సాగుతూనే ఉన్నది. ఒకప్పుడు ఆవిరిని వెళ్ళగొట్టిన ఎ రకం, సి రకం డీజిల్ ఇంజన్లలో కొన్నిటిని కూడా ఇప్పుడు పాతవస్తువులుగా దాచిపెట్టి జనానికి చూపుతున్నారు!

ఇక చివరి మాట. డీజిల్ పొగ కూడా మంచిది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. 2021లో ఐర్లండు రైల్వేవారు డబ్లిన్ చుట్టుప్రక్కల నడపటానికి కొత్త రైళ్ళకు ఆర్డరు ఇచ్చారు. వాటిలో కొన్ని ఏమిటనుకున్నారు? బ్యాటరీ రైళ్ళు! డాక్టరు డ్రమ్ 1932లో నడిపినది, 1949లో పనికిరాదని ప్రక్కన పెట్టినది, అదే ఆలోచన తిరిగి వచ్చింది. షెడ్లలోని మేస్త్రీలు ఇప్పుడు బ్యాటరీల పాఠాలు నేర్చుకోవాలి. వాళ్ళ తాతలు బాయిలరు వదిలి డీజిల్ నేర్చుకోలేదూ? వీళ్ళూ నేర్చుకుంటారు.

మీ ఊళ్ళోగాని, దగ్గరలోగాని రైలు జంక్షను ఉంటే, అక్కడ పనిచేసి విరమించిన పెద్దవాళ్ళను కలుసుకోండి. వారిలో ఆవిరి ఇంజను పొయ్యిలో పారతో బొగ్గు వేసినవారు ఉండవచ్చు. వారిని అడిగి ఆ కథలు చెప్పించుకోండి. ఇంజన్లను దాచటానికి మ్యూజియాలున్నాయి. వాటితో బ్రతికినవాళ్ళ మాటలు దాచుకోవలసింది మీరే.